పదమూడో రాడ్డు

“నాలుగువందల ఇరవై ఫీట్లు మేడం. మొత్తం పొడి దుమ్మే. బుక్కెడు నీళ్లు గూడ రాలే.”

బోరు ఏజెంటు రంజిత్ ఆ మాట అని బిల్లు కాపీ నా వైపు తోశాడు. శుక్రవారం ఉదయం తొమ్మిదీ నలభై. నిజామాబాద్‌లో అతని దుకాణం షట్టరు అప్పుడే లేచింది. అతను కూర్చోమనక ముందే నేను కూర్చున్నాను. టీ తెప్పిస్తానంటే వద్దన్నాను. సాయంత్రం అయిదున్నర లోపల, బోర్లకు నీళ్ల చోటు చూపించే రాజలింగును మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఈలోగా నా చేతికి ఏమీ దొరక్కపోతే డెబ్బై ఏళ్ల మనిషి హత్యాయత్నం కేసులో జైలుకు పోతాడు.

నా పేరు జ్యోతిరాణి. ఈ టౌనులో ప్రైవేటు డిటెక్టివ్ అంటే నన్నే చూపిస్తారు, వేరే ఎవరూ లేరు కాబట్టి. పెళ్లి సంబంధాల ఎంక్వయిరీలు, తప్పిపోయిన మనుషులు, అప్పుడప్పుడు ఇన్సూరెన్సు వాళ్ల పని. ఏ పనికైనా ముందే ఫీజు తీసుకుంటాను, ఈ ఒక్కదానికి తప్ప. సిరికొండలో మా నాన్న మూడు బోర్లు వేసి మూడూ పోగొట్టుకున్న ఏడాది రాజలింగు కాక మా చేనుకు వచ్చాడు. రెండు సాయంత్రాలు ఊరికే నడిచాడు. చెట్ల కొమ్మలు ఎటు వాలాయో చూశాడు, పుట్టమన్ను పిడికిట్లో నలిపాడు, చివరికి మడమతో ఒకచోట గుంట పెట్టి ఇక్కడ వేయమన్నాడు. నూట ఎనభై అడుగులకు రెండించుల నీళ్లు పడ్డాయి. ఆ నీళ్లతో పండిన పసుపే నన్ను డిగ్రీ దాకా చదివించింది. ఆయన మా దగ్గర తీసుకున్నది ఒక పూట భోజనం, ఒక కొత్త తువ్వాల. ఎవరి దగ్గరైనా అంతే తీసుకుంటాడు. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడుతుందంటే నేను నమ్మను గానీ రాజలింగు కాక కళ్లను నమ్ముతాను. నేను ఇవాళ తినే అన్నంలో ఆయన వాటా ఉంది, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మంగళవారం జరిగింది ఇది. ఎడపల్లి దగ్గర ఆత్మారాం అనే రైతు తన నాలుగెకరాల్లో బోరు వేయించాడు. చోటు చూపించినవాడు రాజలింగు. పదమూడు రాడ్ల లోపల నీళ్లు పడతాయని కూడా చెప్పాడు. బోరు ఎండిపోయిందన్నారు. సాయంత్రం నాలుగుంపావుకు పక్కనున్న చెరకులోంచి ముసలాయన కేకలు వినిపించాయి. వెళ్లి చూస్తే ఆత్మారాం తల పగిలి, స్పృహ లేకుండా పడి ఉన్నాడు. రాజలింగు తన తువ్వాలతో ఆ తల బిగించి కట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆత్మారాం ఆఖరిసారి ఫోనులో మాట్లాడింది రెండూ అయిదుకు. రెండూ నలభైకి భార్య చేస్తే ఎత్తలేదు. దెబ్బ ఆ ముప్పై అయిదు నిమిషాల్లోనే పడింది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భాస్కర్ లెక్క సూటిగా ఉంది. ఎండు బోరు, రైతు కోపం, మాటామాటా పెరిగింది, ముసలాయన పైపు ముక్కతో కొట్టాడు, తర్వాత భయపడి కట్టు కట్టాడు. గురువారం సాయంత్రం అరెస్టు చూపించాడు. ఆ రోజు అక్కడున్న మిగతా ఇద్దరి మీద అతనికి అనుమానమే లేదు. ఒకడు ఈ రంజిత్. రెండో ఆయన ఆత్మారాం బావమరిది హన్మండ్లు, రిగ్గును మాట్లాడింది ఆయనే. బోరు నడిచినంతసేపూ రిగ్గు పక్కనే ఉన్నామని ఇద్దరూ ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నారు. రిగ్గు మీది కూలీలు ఆ సాయంత్రమే బండి తీసుకుని వేరే జిల్లాకు వెళ్లిపోయారు.

“రాడ్డు పొడుగెంత?” అని అడిగాను.

“ఇరవై ఫీట్లు.”

“ఒక్క రాడ్డు దిగాలంటే ఎంతసేపు?”

“మన దిక్కు రాయి గట్టిది మేడం. రాడ్డు జోడించుడు గూడ కలిపి పావుగంట పడ్తది.”

“ఎన్ని గంటలకు మొదలుపెట్టిండ్రు?”

“పదిన్నరకు కొబ్బరికాయ కొట్టినం.”

ఇరవై ఒక్క రాడ్లు, పావుగంట చొప్పున అయిదుంపావు గంటలు. అంటే మూడూ ముప్పావు దాకా రిగ్గు ఆగలేదు. భాస్కర్ వేసుకున్న లెక్క కూడా ఇదే. దెబ్బ పడిన వేళకు వీళ్లిద్దరూ అంత మోత పెట్టే యంత్రం పక్కన దుమ్ము కొట్టుకుంటూ నిలబడి ఉన్నారని అర్థం. నేను బిల్లు చేతిలోకి తీసుకుని చదివాను. నాలుగువందల ఇరవై అడుగులు, అడుక్కు తొంభై అయిదు రూపాయలు. కేసింగు పైపు నలభై అడుగులు, అడుక్కు మూడువందల ఎనభై. మొత్తం యాభై అయిదు వేల వంద. కూడిక తప్పు లేదు. తల ఎత్తి అతని వెనక గోడ మీదున్న రేట్ల బోర్డు చూశాను.

మూడువందల అడుగుల దాకా తొంభై అయిదు. మూడువందలు దాటితే నూట అయిదు. నాలుగువందలు దాటితే నూట ఇరవై.

లోతు పెరిగేకొద్దీ రిగ్గు డీజిలు ఎక్కువ తాగుతుంది, రాయి తొలిచే బిట్టు అరుగుతుంది. అందుకే ఆ రేటు. కన్నతండ్రికి బోరు వేసినా ఏజెంటు ఆ పై రేటు వదలడు. మూడువందల కింద ఇంకో నూట ఇరవై అడుగులు నిజంగా దించినవాడి చేతికి బిల్లు రాసేటప్పుడు ఆ రేటు దానంతటదే వస్తుంది. కూర్చుని ఊహించి రాసినవాడే ఒకే రేటుతో గుణించి ఊరుకుంటాడు. బోర్డు వైపు వేలు చూపించి, ఈ ఉదారం ఎక్కడిదని అడిగాను.

“ఆత్మారాం అన్న పాపం కష్టంల ఉన్నడని తగ్గించిన మేడం.”

“బిల్లు మీద టైము నాలుగు అని నువ్వే రాసినవు. ఆయనకు దెబ్బ తగిలిందని నీకు తెలిసింది నాలుగుంపావుకు.”

“బోరు ఎండుడు కష్టం కాదా?”

జవాబు బాగానే చెప్పాడు. కానీ ఫ్యాను కింద కూర్చుని చెమట తుడుచుకున్నాడు, రెండో చెయ్యి జేబులో ఫోను మీదికి పోయింది. నేను లేచి, బిల్లు కాపీ నా దగ్గర ఉంచుకుంటానని చెప్పి బయటపడ్డాను. పక్క వీధిలో అయిదువందల అడుగుల నైలాను తాడు, అయిదు కిలోల ఇనుప తూకపు రాయి కొన్నాను. కొట్టువాడు ఈ రెండూ కలిపి ఎందుకని అడిగితే పొలం పనికన్నాను.

దారిలో స్టేషన్ దగ్గర ఆగాను. రాజలింగు కాక గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే మొదట అడిగింది ఆత్మారాంకు తెలివి వచ్చిందా అని. తన సంగతి నేను అడిగేదాకా ఎత్తలేదు. రిగ్గు మొదలయ్యాక ఆయన అక్కడ నిలబడడు, అది మొదటి నుంచీ ఉన్న అలవాటు. బోరు ఎండితే ఆ రైతు ముఖం చూడలేడు. మంగళవారం కూడా కాలువ గట్టున పడుకుని నాలుగింటికి తిరిగి వచ్చాడు. రిగ్గు సర్దుకుంటున్నారు, ఎండిపోయిందని చెప్పారు. ఆత్మారాం ఎక్కడున్నాడో వెతుక్కుంటూ చెరకు వైపు వెళ్లాడు.

“మాఫీ అడుగుదామని పోయిన బిడ్డా. గట్ల పడున్నడు. ఆయన పొద్దున ఇచ్చిన తువ్వాలే ఉండె చేతుల. కట్టిన.” గోడకు తల ఆనించాడు. “కానీ ఆడ నీళ్లు లేకుండ ఎట్ల ఉంటయో నాకు సమజైతలేదు.”

కేసు సంగతి తర్వాత, ముందు ఆయన కాళ్లకు దండం పెట్టుకున్నాను. కానిస్టేబులు వింతగా చూశాడు. చూస్తే చూడనీ అనుకున్నాను.

పన్నెండింటికి పొలం చేరాను. కాలువ చివరి భూమి అది, నీళ్లు అక్కడి దాకా రావు. కొట్టకుండా మిగిలిపోయిన రెండెకరాల చెరకు ఒక పక్క, బీడు ఒక పక్క, మధ్యలో పాత మోటరు గది. ఆత్మారాం భార్య విమలమ్మ, తల్లి భూమవ్వ ఆ గది నీడలో ఉన్నారు. విమలమ్మ రాత్రంతా ఆసుపత్రిలో ఉండి, బర్రెలకు మేత వేయడానికి పొద్దున వచ్చింది. ఆమె రాజలింగును తిడుతుందనుకుని వెళ్లాను. తిట్టలేదు. ఆ కట్టు కట్టకపోతే ఇంకో పావుగంట కూడా బతికేవాడు కాదని డాక్టరమ్మ చెప్పిందట, అలాంటి మనిషి మీదికి తనకు నోరు రావడం లేదంది. తర్వాత తమ్ముడి గురించి చెప్పుకొచ్చింది. హన్మండ్లు మంగళవారం నుంచి ఆసుపత్రి వదలలేదు. మందులకూ మాకులకూ ఆయనే ఉరుకుతున్నాడు, లోపలికి పోయే ఒకే ఒక్క పాసు ఆయన దగ్గరే ఉంది. అంతేకాదు, బోరు ఎండిన ఈ నాలుగెకరాలను తానే తీసుకుని వైద్యం ఖర్చంతా పెట్టుకుంటానన్నాడు. సోమవారం కాగితం రాసుకుంటారు.

“నీళ్లు లేని భూమిని ఎవలు తీసుకుంటరు అక్కా గీ కాలంల? తోడబుట్టినోడు గనుక తీసుకుంటున్నడు. వాని రుణం యాడ తీర్చుకుంటం.”

ఆ కృతజ్ఞత చూసి నాకు కూడా ఆ మనిషి మీద గౌరవం కలిగింది. ఆ గౌరవం మూడు గంటల నలభై నిమిషాలు నిలబడింది.

భూమవ్వకు ఎనభై దగ్గర పడుతున్నా చేతులు ఆగవు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. మంగళవారం ఆమె ఇదే నీడలో కూర్చుని బీడీలు చుడుతూ రాడ్లు లెక్కపెట్టింది. బోరు వేసే రోజు ఇంటి ఆడమనిషి ఒకరు దగ్గర కూర్చుని లెక్క పట్టడం ఆ ఇంట్లో ఎప్పటి నుంచో ఉంది, లేకపోతే ఏజెంటు ఒకటి రెండు రాడ్లు ఎక్కువ రాస్తాడు. అవ్వకు అంకెలు రాయడం రాదు. రాడ్డు ఎక్కించినప్పుడల్లా ఒక తునికాకు తీసి కత్తెర కింద పెట్టింది. ఒక్కో రాడ్డు దిగేసరికి ఆమెకు ఇంచుమించు ఒక కట్ట అయ్యేది, అంటే పాతిక బీడీలు. కొడుకు పడిపోయాక లెక్క కోసం తీసిన ఆ ఆకులను ఎవరూ ముట్టలేదు, చాటలో ఒక మూల అలాగే ఉన్నాయి. ఆకులు తీసి నా అరచేతిలో పెట్టించుకుని లెక్కపెట్టాను. పదమూడు.

“కూలీలకు అన్నం తెమ్మని నా కొడుకును ఊళ్లెకు పంపిండ్రు. పదమూడోది ఎక్కిచ్చేటప్పుడు హన్మండ్లు వచ్చిండు బిడ్డా,” అంది అవ్వ. “అవ్వా, ఎండకు పడిపోతవు, ఇంటికి పో అని ఆటో మాట్లాడి ఎక్కిచ్చిండు. మంచి పిల్లగాడు.”

పాతిక బీడీలకు పావుగంట. పదమూడు కట్టలకు మూడుంపావు గంటలు. పదిన్నరకు కలిపితే ఒంటిగంటా ముప్పావు. ఆ తర్వాత ఇంకా ఎనిమిది రాడ్లు దిగాయా లేదా అన్నదాని మీదే రాజలింగు బతుకు ఆధారపడి ఉంది. ఆ మాట చెప్పగలిగింది ఇక ఆ బోరు ఒక్కటే.

బోరు దగ్గరికి వెళ్లగానే మొదటి వింత కనిపించింది. కేసింగు పైపు అలాగే ఉంది. పైన ఇనుప మూత పెట్టి, నాలుగు బోల్టులు బిగించి, దాని మీద బండరాయి పెట్టారు. ఎండిన బోరులోంచి కేసింగు అక్కడికక్కడే రిగ్గుతో పీకించుకుంటాడు రైతు. నలభై అడుగుల పైపు ఇంకో బోరుకు పనికొస్తుంది. రెండో వింత దుమ్ముకుప్ప. అడుగున పొడి తెల్ల పిండి, దాని మీద జానెడు మందాన బురద ఎండి నెర్రెలు కొట్టిన పెచ్చు. అంటే ఆఖర్న పైకి వచ్చింది పొడి కాదు, తడి. బోల్టులు విప్పడానికి పాత మోటరు పానా సరిపోయింది. తాడుకు ఇరవై అడుగులకు ఒక ముడి వేసుకుంటూ, రాయి కట్టి దించాను. మూడు ముడులు పోయి నాలుగోది పోతుండగా లోపల నీటి చప్పుడు వినిపించింది. విమలమ్మ నా భుజం పట్టుకుంది. నేను దించుతూనే ఉన్నాను. సరిగ్గా పదమూడో ముడి దగ్గర తాడు వదులైంది. రెండుసార్లు ఎత్తి దించి చూశాను. రాయి ఠంగుమని రాతికే తగిలింది, బురదకు కాదు.

రెండువందల అరవై అడుగులు. ఒక్క అడుగు కూడా ఎక్కువ లేదు.

ఒంటిగంటన్నరకు భాస్కర్ జీపు వచ్చింది. రంజిత్ ఫోను చేసి ఉంటాడు. దిగుతూనే, తన కేసులోని స్థలంలో తాళ్లు వేలాడదీయమని ఎవరు చెప్పారని అడిగాడు. నేను చెప్పిందంతా చేతులు కట్టుకుని విన్నాడు. అతను మూర్ఖుడు కాదు, అదే నాకు కష్టం.

“పైనుంచి రాళ్లు పడి పూడిందనుకో. రెండువందల అరవై కాక ఇంకేం చూపిస్తది?”

“మట్టి ఉన్న నలభై అడుగులకూ కేసింగు ఉంది. కింద అంతా గట్టి రాయి. నూట అరవై అడుగులు పూడాలంటే గుట్ట విరిగి పడాలె.”

“నీళ్లు?”

“మీరే చెప్పండి.”

“మూడు దినాలల్ల ఊట చేరింది. ఎండిన బోర్ల గూడ చేరుతది. మా ఇంట్ల ఉన్నది గట్లనే, రెండు బిందెలు తోడితే ఖతం.” జీపుకు ఆనుకుని నవ్వాడు. “పైపులు పీకలేదంటరా? మనిషి నెత్తురు కారుకుంట దొరికినంక పైపులు ఎవడు పీకుతడు మేడం? బిల్లు రేటు తప్పు, ముసలవ్వ ఆకులు, తాడుకు ముడులు. గివి మెజిస్ట్రేటుకు సూపిస్త పదండి, నవ్వి పంపిస్తడు.”

కోపం వచ్చింది. కోపం వస్తే నాకు మాట నెమ్మదిస్తుంది. ఈ బోరుకు కంప్రెషర్ పెట్టి గాలి కొట్టిస్తాను, నీళ్లు అయిదు నిమిషాలు నిలవకపోతే అడ్డు తప్పుకుంటాను, నిలిస్తే రాజలింగు మీద పెట్టిన కారణమే ఉండదు అన్నాను. నీళ్లు పడ్డ బోరు దగ్గర, ఆ నీళ్లు చూపించినవాడితో ఏ రైతుకూ తగువు రాదు. ఎత్తుకుని తిప్పుతాడు. భాస్కర్ నాలుగింటి దాకా గడువిచ్చాడు. రంజిత్‌ను కూడా పిలిపించమని అడిగితే ఒక కానిస్టేబుల్‌ను పంపాడు. రెండు పనులూ నా మీద గెలుస్తానన్న ధీమాతోనే చేశాడు గానీ, చేశాడు. అందుకు అతనికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

బోధన్‌లో ట్రాక్టరు కంప్రెషర్ ఉన్న మనిషికి ఫోను చేశాను. ముందు రేపు వస్తానన్నాడు. రాజలింగు పేరు చెప్పగానే, తన ఇంటి బోరు ఆయన చూపిందేనన్నాడు. మూడింటికి ట్రాక్టరు పొలంలో ఉంది. కిరాయి మాటెత్తితే ఆ మనిషి నా వైపు చూడకుండా పైపు చుట్ట విప్పుకుంటూ పోయాడు. పైపు దించడానికే అరగంట పట్టింది. ఈలోగా రంజిత్‌ను తీసుకొచ్చారు. అతను బోరు వైపు కాకుండా చెరకు వైపు చూస్తూ నిలబడ్డాడు.

మూడూ ముప్పై ఆరుకు గాలి వదిలారు. మొదట పైపు దగ్గింది. తర్వాత తెల్లటి బురద మనిషెత్తున ఎగిరి అందరి మీదా పడింది. భాస్కర్ రెండడుగులు వెనక్కి వేసి గడియారం చూసుకున్నాడు. ఒక నిమిషం బురద, రెండో నిమిషం బూడిదరంగు నీళ్లు, మూడో నిమిషానికి తెల్లటి నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. అయిదు నిమిషాలు గడిచాయి. ఎనిమిది గడిచాయి. నీళ్లు తగ్గలేదు. బీడు భూమిలో కాలువ కట్టి చెరకు సాళ్లలోకి దారి వెతుక్కుంటున్నాయి. కంప్రెషర్ మనిషి ఆ ధారను కాసేపు చూసి మూడించులకు తక్కువ లేదన్నాడు. ఈ చుట్టుపక్కల ఇంచున్నర పడితేనే పండగ చేసుకుంటారు.

భూమవ్వ చాట పక్కన పెట్టి లేచి వచ్చి, ఆ తుంపర్లలో నిలబడి, స్టేషన్ ఉన్న దిక్కుకు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నేను ఏడ్చాను. డిటెక్టివ్‌లు ఏడవకూడదని ఎక్కడా రాసి లేదు.

భాస్కర్ టోపీ తీసి బురద తుడుచుకున్నాడు. ఫోను తీసి స్టేషన్‌కు చేసి, ముసలాయనకు కుర్చీ వేసి అన్నం తెప్పించమని చెప్పాడు. మెజిస్ట్రేటు దగ్గర ఏం చెప్పాలో తాను చూసుకుంటానన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“ఒంటిగంటా ముప్పావుకు రిగ్గు ఆగింది. నాలుగింటి దాకా ఈళ్లు ఏం చేసిండ్రు?”

“మూత బిగించి, బురద మీద పొడి దుమ్ము చల్లి నీళ్లను దాచిండ్రు,” అన్నాను. “కూలీలకు అన్నం తేవడానికి ఆత్మారాంను ఊళ్లోకి పంపిండ్రు. రెండూ అయిదుకు ఆయనకు వచ్చిన ఫోను, బోరు ఎండింది, రావద్దని చెప్పడానికే వచ్చి ఉంటది. ఆయన అయినా వచ్చిండు. చెరకులోంచి అడ్డదారిన వచ్చి బురద చూసిండు.”

“ఆ నంబరు రిగ్గు కూలీది. వానితోని చేయించిందెవరు?”

దానికి నేను జవాబు చెప్పేలోపల చుట్టుపక్కల పొలాల వాళ్లు ఉరికొచ్చారు. అందరి నోటా అవే రెండు మాటలు. ఎన్ని ఫీట్లకు పడ్డాయి, ఎన్నించులు. ఒకరు అడిగి జవాబు విన్నాక కూడా రెండోవారు మళ్లీ అదే అడుగుతున్నారు. విమలమ్మ ఒళ్లంతా తడిసి, నవ్వుతూ ఏడుస్తూ, చేతిలో ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“మా తమ్మునికి చెప్పిన అక్కా. మొట్టమొదలు వానికే చెప్పాలె గదా, మాకు ఇంత చేసినోడు.”

“ఏమన్నడు?”

“ఏం అనలే. పోలీసోల్లు ఆడ ఉన్నరా అని అడిగి పెట్టేసిండు.”

నా ఒంటి మీది నీళ్లు ఒక్కసారిగా చల్లబడ్డాయి. బోరు పడిందంటే ఈ జిల్లాలో దారిన పోయే మనిషి కూడా ఆగి అడిగే రెండు మాటలున్నాయి. రిగ్గు తానే మాట్లాడి పెట్టి, ఆ భూమిని తానే తీసుకోబోతున్న మనిషి ఆ రెండింట్లో ఒక్కటీ అడగలేదు. ఆయనకు ఆ అవసరం లేదు. ఎన్ని అడుగులో, ఎన్ని ఇంచులో మంగళవారం ఒంటిగంటా ముప్పావుకే తెలుసు.

రంజిత్ వైపు తిరిగాను. నేను ఏమీ అడగక ముందే అతను బురదలో కూలబడ్డాడు.

“ఎండిందని రాయమన్నది హన్మండ్లన్ననే సార్. భూమి చేతికొచ్చినంక నాకూ వాటా ఇస్తనన్నడు. కొట్టంగ నేను సూడలే. చెరకులకెళ్లి వచ్చి చేతులు కడుక్కున్నడు, గంతే.”

విమలమ్మకు ఇంకా అర్థం కాలేదు. ఒకసారి అతని వైపు, ఒకసారి నా వైపు చూస్తోంది. నేను భాస్కర్‌ను ఆసుపత్రిలో కాపలా ఎవరున్నారని అడిగాను. నేరస్థుడు దొరికాడు కదా అని నిన్న సాయంత్రమే కానిస్టేబుల్‌ను తీసేశాడు. జీపు వైపు పరుగెత్తాడు. మూడూ యాభై రెండు. ఎంత తొక్కినా నిజామాబాద్ అరగంట. ఆ వార్డులోకి నాలుగింటికి ఒక్క మనిషిని పంపుతారు, పాసు హన్మండ్లు జేబులో ఉంది. విమలమ్మ చేతిలోని ఫోను తీసుకుని, జీపు కదులుతుండగానే ఎక్కి, అందులోంచి వార్డు నంబరు కలిపాను. మూడోసారికి ఒక నర్సు ఎత్తింది. ఆత్మారాం పేరు చెప్పగానే ఆమె గొంతు సంతోషంగా మారింది.

“పొద్దటి నుంచి వేళ్లు కదిలిస్తున్నడు మేడం, ఇప్పుడు కండ్లు గూడ తెరిచిండు. వాళ్ల బావమరిది లోపలనే ఉన్నడు. ఇంకా టైం కాలే గానీ, పొలంల నీళ్లు పడ్డయట, ఆ మంచి ముచ్చట చెవుల వేస్తనని బతిమిలాడిండు, మేమే పంపినం. బెడ్డు చుట్టు పరదా గూడ గుంజుకున్నడు. ఏడుస్తున్నట్టున్నడు పాపం.”